ట్రక్కుని పట్టే బ్రేకే కన్వర్టర్‌ని ఎంచింది: ఒక డీజిల్ పికప్ లాంచ్ కేసు

మాది శ్రీకాకుళం దగ్గర, 16వ నంబరు హైవే పక్కన చిన్న షెడ్డు. వచ్చే పనిలో ఎక్కువ భాగం టెక్కలి వైపు గ్రానైట్ క్వారీల లోడర్లది. ఈ మధ్య ఆటోమేటిక్ కార్లూ పెరిగాయి. డ్రాగ్ స్ట్రిప్ (నిలబడ్డ చోటు నుంచి పావు మైలు తిన్నగా పరుగు తీసే ట్రాక్) అనేది మన జిల్లాలో లేదు, కాబట్టి ఈ కేసులో ట్రక్కు టెక్సస్‌లో ఉంది, లెక్కలు మాత్రం ఇక్కడ జరిగాయి. నరసన్నపేటలో ఉండే మా అక్క కొడుకు డల్లాస్‌లో ఉద్యోగం చేస్తాడు. వాడి దగ్గర 2006 మోడల్ షెవర్లే సిల్వరాడో 2500 ఉంది. 6.6 లీటర్ల డ్యూరామాక్స్ డీజిల్, ఎల్‌బీజెడ్ రకం. వెనక అలిసన్ 1000, 6 గేర్ల ఆటోమేటిక్. ఫ్యాక్టరీ లెక్క ప్రకారం 360 హార్స్‌పవర్, 650 పౌండ్-ఫుట్ టార్క్ (తిప్పే బలం). ట్యూనింగ్ చేయించాక చక్రాల దగ్గర 450 హార్స్‌పవర్ వస్తోందని డైనో (పవర్ కొలిచే యంత్రం) కాగితం పంపాడు. మనిషితో కలిపి బండి బరువు 7,200 పౌండ్లు, అంటే సుమారు 3,265 కిలోలు.

డల్లాస్‌కి దక్షిణాన ఎన్నిస్ అనే ఊళ్లో టెక్సస్ మోటార్‌ప్లెక్స్ ఉంది. 1986లో తెరిచిన స్ట్రిప్, పావు మైలు పొడవునా కాంక్రీటే, పట్టు బాగుంటుంది. అక్కడ శుక్రవారం రాత్రి పరుగులు తీస్తే మనకి శనివారం తెల్లారేసరికి లాగ్ ఫైళ్లు, అంటే బండి కంప్యూటర్ రికార్డు చేసిన అంకెలు, వచ్చి పడేవి.

వాడి కంప్లయింట్ ఒక్క వాక్యం: "మావయ్యా, చివర్లో బండి బాగానే లాగుతోంది, మొదట్లోనే కదలట్లేదు."

స్ట్రిప్ వాళ్లిచ్చే టైముల కాగితం, టైమ్ స్లిప్, కూడా అదే చెప్పింది. మొదటి 60 అడుగులకి 2.12 సెకన్లు, మొత్తం పావు మైలుకి 13.88, చివర వేగం గంటకి 98 మైళ్లు. చివరి వేగం ప్రధానంగా ఇంజిన్ పవర్‌కి కొలత. 7,200 పౌండ్ల బండి 98 కొడుతోందంటే డైనో కాగితం అబద్ధం కాదు. మొత్తం టైముని మాత్రం మొదటి 60 అడుగులు తినేస్తాయి. అక్కడ పదో వంతు సెకను పోతే చివరికి అది అంతకంటే ఎక్కువే అవుతుంది. కాబట్టి పవర్ పెంచే పని కాదిది, ఉన్న పవర్‌ని మొదటి క్షణంలో నేల మీదకి దించే పని.

వాడు అప్పటికే ఒక టార్క్ కన్వర్టర్ (ఆటోమేటిక్ బండిలో ఇంజిన్ టార్క్‌ని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కి అందించేది) బుక్ చెయ్యడానికి సిద్ధంగా ఉన్నాడు. అమ్మేవాడు "ఎక్కువ స్టాల్, మంచి లాంచ్" అన్నాడట. స్టాల్ అంటే బ్రేకు పట్టి తొక్కితే ఇంజిన్ ఆగిపోయే ఆర్‌పీఎమ్, లాంచ్ అంటే లైను దగ్గర నుంచి బయల్దేరడం. ఆగమన్నాను.

ముందు పాతదాన్ని అడగాలి

క్వారీలో లోడర్ "కుప్పలోకి దిగట్లేదు, బలం లేదు" అని ఫోన్ వస్తే నేను మొదట చేసేది స్టాల్ టెస్ట్. బ్రేకులు గట్టిగా పట్టి, గేరు వేసి, ఫుల్ యాక్సిలరేటర్ తొక్కి, ఇంజిన్ ఎంత ఆర్‌పీఎమ్ దగ్గర ఆగిపోతుందో చూస్తాను. మాన్యువల్‌లో ఉన్న అంకెకి కొంచెం తక్కువ వస్తే ఇంజిన్ బలహీనంగా ఉన్నట్టు. మూడో వంతు మేర తగ్గిపోతే కన్వర్టర్ లోపల స్టేటర్ (ఆయిల్‌ని మళ్లించి టార్క్ పెంచే బ్లేడ్ల చక్రం) వన్-వే క్లచ్ జారుతున్నట్టు. అంకె దాటి పైకి పోతే గేర్‌బాక్స్ క్లచ్‌లు జారుతున్నట్టు, లేదా ఆయిల్ తక్కువ. ఈ పద్ధతి ట్రక్కుకీ అంతే. స్టేటర్ జారుతున్న బండికి కొత్త స్టాల్ గురించి మాట్లాడటం దండగ.

ఇక్కడ ఒక మెలిక ఉంది. ట్యూనింగ్ చేసిన బండిలో కంప్యూటర్ చూపించే టార్క్ అంకెని నమ్మలేం. ట్యూన్ చేసేవాళ్లు గేర్‌బాక్స్ కంప్యూటర్ కంగారు పడకుండా టార్క్ టేబుళ్లని మార్చేస్తారు. అందుకని ఒక్కసారి ఫ్యాక్టరీ ఫైల్ తిరిగి ఎక్కించి, ఫోర్‌వీల్ హైలో పెట్టి, బ్రేక్ పట్టి మెల్లగా పైకి తెమ్మన్నాను. చక్రాలు తోసుకు రావడం మొదలయ్యే ముందు చివరి నిలకడ 1,750 ఆర్‌పీఎమ్. అప్పుడు టార్క్ 330 పౌండ్-ఫుట్, బూస్ట్ (టర్బో ఇంజిన్‌లోకి తోసే గాలి ఒత్తిడి) 6 పీఎస్ఐ.

ఈ ఒక్క వరసలో కేసు అంతా ఉంది. ఆర్‌పీఎమ్‌ని టార్క్ వర్గమూలంతో భాగిస్తే వచ్చే అంకెని కె-ఫ్యాక్టర్ అంటారు. 330 వర్గమూలం 18.2, దాంతో 1,750ని భాగిస్తే 96. ఆ కన్వర్టర్ ఎంత బిగువో ఎంత వదులో చెప్పే అంకె ఇదే, అంకె పెరిగేకొద్దీ వదులు. "2,500 స్టాల్" అనే మాటకి ఇంజిన్ టార్క్ చెప్పకపోతే అర్థం లేదు. టార్క్ నాలుగు రెట్లయితే స్టాల్ రెట్టింపవుతుంది. ఒక పెట్రోల్ వీ8 వెనక 2,500 పలికే కన్వర్టర్ ఈ డీజిల్ వెనక చాలా పైకి పోతుంది. కేటలాగ్‌లో స్టాల్ అంకె చూసి కొనేవాళ్లందరూ ఇక్కడే దెబ్బతింటారు.

నేను అంకె అడిగితే అమ్మేవాడు "డీజిల్‌కి సరిపోతుంది సార్" అన్నాడు తప్ప కె-ఫ్యాక్టర్ చెప్పలేదు. గట్టిగా రాసి అడిగితే 125 అని వచ్చింది.

బ్రేక్ దగ్గర ఆగిన లెక్క

లాంచ్ అంటే కుర్రాళ్లు ఇంజిన్ గురించే ఆలోచిస్తారు. పచ్చ లైటు పడేదాకా బండిని ఆపి ఉంచాల్సింది బ్రేకు. ఇంజిన్ టార్క్ కన్వర్టర్‌లో కొన్ని రెట్లయి, మొదటి గేరులో 3.10 రెట్లయి, యాక్సిల్‌లో 3.73 రెట్లయి చక్రానికి చేరుతుంది. స్టాక్ కన్వర్టర్ (ఫ్యాక్టరీ నుంచి వచ్చినది) నిలిచి ఉన్నప్పుడు టార్క్‌ని 1.9 రెట్లు చేస్తుందనుకుంటే, 330 కాస్తా యాక్సిల్ దగ్గర 7,250 పౌండ్-ఫుట్ అవుతుంది. 32 అంగుళాల టైరుకి అది సుమారు 5,400 పౌండ్ల తోపు, బండి బరువులో ముప్పావు వంతు. అంతకు మించి బ్రేకులు ఆపలేవు, లైన్ దాటి బండి ముందుకి జరిగిపోతుంది. వాడి 1,750కి కారణం ఇంజిన్ కాదు, కన్వర్టరూ పూర్తిగా కాదు, బ్రేక్ సీలింగ్, అంటే బ్రేకులు ఆపగల హద్దు.

ఈ సీలింగ్ మారదు. మారేవి రెండే. ఒకటి కె-ఫ్యాక్టర్: అదే టార్క్‌కి ఇంజిన్ ఎంత పైన తిరగాలి అన్నది. రెండోది టార్క్ రేషియో, కన్వర్టర్ టార్క్‌ని ఎన్ని రెట్లు చేస్తుందో ఆ అంకె: అదే తోపుకి ఇంజిన్ ఎంత టార్క్ ఇవ్వచ్చు అన్నది.

రెండోదాన్ని చాలామంది తిరగేసి అర్థం చేసుకుంటారు. మా క్వారీ లోడర్‌కి టార్క్ రేషియో ఎంత ఎక్కువ ఉంటే అంత మంచిది. రాళ్ల కుప్పలోకి బకెట్ దిగాలి, ఇంజిన్ తక్కువ తిరిగినా తోపు రావాలి. అందుకే వాటి కన్వర్టర్లలో రేషియో 2.5 దాటి ఉంటుంది. అదే గుణం ఈ ట్రక్కుకి శత్రువు. రేషియో ఎక్కువైతే ఇంజిన్ కాస్త టార్క్ ఇచ్చేసరికే బ్రేక్ సీలింగ్ తగిలేస్తుంది, టర్బో మేల్కొనే లోపే ఆగాలి. రేషియో 1.9 నుంచి 1.7కి దింపితే అదే బ్రేక్ మీద ఇంజిన్ 330కి బదులు 370 దాకా ఇవ్వచ్చు. టార్క్ ఎక్కువంటే ఇంధనం ఎక్కువ, ఎగ్జాస్ట్ ఎక్కువ, బూస్ట్ ఎక్కువ.

"రేషియో తగ్గితే బలం తగ్గదా మావయ్యా?" అన్నాడు. కదలని క్షణంలో తగ్గుతుంది. కానీ 12 పీఎస్ఐ మీద బయల్దేరే ఇంజిన్, 6 పీఎస్ఐ మీద బయల్దేరే ఇంజిన్ ఒకటి కావు. బ్రేక్ వదిలిన వెంటనే ఇవ్వగల టార్క్ బూస్ట్ మీద ఆధారపడుతుంది, ఆ పెరిగిన టార్క్ ఈ చిన్న నష్టాన్ని మింగేస్తుంది. టర్బో లేని బండికి ఈ వాదన వర్తించదు.

మూడు కన్వర్టర్లు పక్కపక్కన పెట్టి చూశాం. ట్యూనర్ మొదటి గేరులో టార్క్‌ని 700 దగ్గర కట్టేశాడు, గేర్‌బాక్స్ బతకాలి కదా. 700 వర్గమూలం 26.5.

స్టాక్ది కె 96. బ్రేక్ మీద 1,750, బ్రేక్ వదిలి 700 టార్క్ అందుకున్నప్పుడు 2,540 దగ్గర నిలబడుతుంది. పై ముగింపు బాగుంది, మొదలు చెడింది.

అమ్మేవాడి కె 125. రేషియో 1.7 అనుకుంటే బ్రేక్ మీద 370 టార్క్‌కి 2,400 ఆర్‌పీఎమ్. బూస్ట్ అద్భుతంగా వస్తుంది. కానీ 700 టార్క్‌కి 3,300 దాటుతుంది. ఈ ఇంజిన్ పవర్ పీక్ 3,200. అంటే బండి కదిలే లోపే ఇంజిన్ పైకెక్కి, ఊపిరి అయిపోయి, వేడి ఆయిల్‌లోకి పోతుంది. సౌండ్ మాత్రం భలే ఉంటుంది, వీడియోకి పనికొస్తుంది.

మధ్యలో కె 110, రేషియో 1.7. బ్రేక్ మీద సుమారు 2,120. 700 టార్క్‌కి 2,910. పవర్ పీక్‌కి 300 ఆర్‌పీఎమ్ కింద. బండి వేగం పుంజుకుంటూ ఉండగా ఆర్‌పీఎమ్ ఇంకా పైకి పోతుంది కనుక ఆ 300 ఖాళీ కావాలి. నేను దీనికి ఓటేశాను. మేము రాసి పంపిన మూడు అంకెలూ చూసి, వేరే చిన్న షాపు ఒకటి అవే అంకెలకి కన్వర్టర్ కట్టి ఇచ్చింది. ఆ బాడీ వ్యాసం మార్చలేదు, స్టేటర్ బ్లేడ్లు మార్చారు. వ్యాసం మీద చెయ్యి వేయడం ఇంత సున్నితమైన పనికి మోటు: కన్వర్టర్ మోయగల టార్క్ వ్యాసం ఐదో ఘాతంతో మారుతుంది. పదో వంతు తగ్గిస్తే సామర్థ్యం 59 శాతానికి పడిపోతుంది, కె-ఫ్యాక్టర్ 30 శాతం పెరుగుతుంది. 96 కాస్తా 125 అయ్యేది.

లాకప్, రెండో గేరు

లాగ్‌లో ఇంకో సంగతి కనపడింది, వాడు దాని గురించి అడగలేదు. పై గేర్లలో లాకప్ క్లచ్ (కన్వర్టర్ రెండు వైపులనీ నేరుగా కలిపేసేది) పడ్డాక ఇంజిన్ స్పీడుకీ టర్బైన్ (కన్వర్టర్‌లో గేర్‌బాక్స్ వైపు చక్రం) స్పీడుకీ తేడా సున్నా ఉండాలి. ఫుల్ లోడ్‌లో 40 నుంచి 60 ఆర్‌పీఎమ్ తేడా కనిపిస్తోంది. క్లచ్ జారుతోంది. ఆ జారుడు పెరిగితే గేర్‌బాక్స్ కంప్యూటర్ తప్పు పట్టి లింప్ మోడ్‌లోకి (బండిని కాపాడటానికి పవర్ కట్టేసే స్థితి) పోతుంది, పరుగు అక్కడితో సరి. కొత్త కన్వర్టర్‌లో మూడు డిస్కుల లాకప్, ముందు కవర్ గట్టి స్టీలుతో చెక్కినది పెట్టించాను. లోపలి ప్రెషర్‌కి కవర్ ఉబ్బితే లాకప్ పట్టు పోతుంది, థ్రస్ట్ బేరింగూ పోతుంది. డబ్బు ఎక్కడ పెట్టాలని అడిగితే స్టేటర్ కన్నా ఈ కవర్ మీదే అంటాను. లాకప్ నమ్మకంగా ఉంటేనే కింద కొంచెం వదులు కన్వర్టర్ పెట్టే స్వేచ్ఛ వస్తుంది, పైన జారడం ఉండదు కాబట్టి.

లాకప్ ఎప్పుడు వేయాలన్న దగ్గర ట్యూనర్‌కీ నాకూ చిన్న వాదన నడిచింది. అతను రెండో గేరు పడీ పడగానే లాక్ చేద్దామన్నాడు. అలిసన్ గేరు నిష్పత్తులు మొదటిది 3.10, రెండోది 1.81, మూడోది 1.41, నాలుగోది 1.00. మొదటి నుంచి రెండోదానికి దూకుడు చాలా పెద్దది. 3,200 దగ్గర మార్చి లాక్ చేసేస్తే ఇంజిన్ 1,868కి పడిపోతుంది, బూస్ట్ పోతుంది, అంతా మొదటికి. లాక్ చేయకపోతే అదే కె 110 దాన్ని 2,600 పైన పట్టుకుంటుంది. రెండు నుంచి మూడుకి పడేది 2,493కే, మూడు నుంచి నాలుగుకి 2,270కే, ఆ దూకుళ్లు ఇంజిన్ తట్టుకుంటుంది. కాబట్టి రెండో గేరులో సగం గడిచాక లాక్ చేసి, ఆ తర్వాత ప్రతి గేరులో లాక్ ఉంచమన్నాను. ట్యూనర్ మొదట ఒప్పుకోలేదు, లాగ్ పక్కపక్కన పెట్టి చూపించాక ఒప్పుకున్నాడు.

బిగించాక

మొదటి రాత్రి పరుగులు ఆశించినట్టు రాలేదు. లాగ్ తెరిస్తే కారణం వెంటనే కనిపించింది. కొత్తది వచ్చిన సంబరంలో వీడు బ్రేక్ మీద 2,400 దాకా తీస్తున్నాడు. అక్కడ చక్రాలు తోసుకొస్తున్నాయి, బండి మెల్లగా స్టేజ్ కిరణం (బయల్దేరే లైను దగ్గర చక్రాన్ని గుర్తించే రెండు కాంతి కిరణాల్లో రెండోది) దాటి పోతోంది, ఎర్ర లైటు. "ఏట్రా, 2,100 అని రాసి పంపింది చదవలేదేటి?" అంటే, "ఇంకొంచెం తీస్తే ఇంకా బాగుంటుందేమో అనుకున్నాను" అన్నాడు. బ్రేక్ సీలింగ్ అంకె వాళ్ల మామ చెప్పింది కాదు, 7,200 పౌండ్ల బండి చెప్పింది.

ఇక్కడే వేడి సంగతి కూడా. బ్రేక్ పట్టి నిలబెట్టినప్పుడు ఇంజిన్ ఇచ్చే పవర్ మొత్తం కన్వర్టర్‌లో వేడిగా మారుతుంది, వేరే దారి లేదు. 370 టార్క్, 2,120 ఆర్‌పీఎమ్ అంటే సుమారు 150 హార్స్‌పవర్, 112 కిలోవాట్లు. కన్వర్టర్‌లో 6 లీటర్ల ఆయిల్ ఉందనుకుంటే సెకనుకి 10, 11 డిగ్రీలు ఎక్కుతుంది. నాలుగు సెకన్లు పట్టుకుంటే 40 డిగ్రీలు పైకి. లైను దగ్గర ముందువాళ్ల కోసం ఎదురు చూస్తూ ఇంజిన్ లేపి ఉంచే అలవాటు ఉంటే ఆయిల్ నల్లబడటం ఖాయం. వాడికి పద్ధతి రాసి పంపాను: మొదటి కిరణం దగ్గర ఖాళీగా ఉండు, రెండో కిరణంలోకి వస్తూ లేపు, పైన పసుపు లైట్లు మొదలయ్యేసరికి 2,100 దగ్గర ఉండు, అంతకు ముందు వద్దు. స్ట్రిప్‌లో మొత్తం టైము గడియారం చక్రం రెండో కిరణం వదిలాకే మొదలవుతుంది. లైటుకి ఒక క్షణం ఆలస్యంగా కదిలితే పోయేది రియాక్షన్ టైమే, మొత్తం టైము కాదు. టెన్షన్ పడక్కర్లేదు.

ఆ పద్ధతిలో వచ్చిన మంచి స్లిప్: 60 అడుగులకి 1.93, మొత్తం 13.55, చివర వేగం మళ్లీ 98. చివరి వేగం కదలకుండా టైము మూడో వంతు సెకను తగ్గింది. పవర్ పెరగలేదు, మొదట్లో వృథా అయ్యేది ఆగింది. బ్రేక్ మీద 12 పీఎస్ఐ చూపించింది. ఫ్యాక్టరీ ఫైల్ మళ్లీ ఎక్కించి చూస్తే 2,100 దగ్గర 370 టార్క్ వచ్చింది, కె-ఫ్యాక్టర్ 109. షాపువాళ్లు మాట నిలబెట్టుకున్నట్టే.

ఇదే కన్వర్టర్‌ని టూవీల్ మోడ్‌లో వాడితే ఈ లాభం రాదని కూడా చూశాం. వెనక చక్రాలు తిరిగిపోయి 60 అడుగుల టైము ఏమీ మెరుగవలేదు. ఫోర్‌వీల్‌లో పట్టు ఉంది కాబట్టే బూస్ట్ పనికొచ్చింది. ఆ పట్టుకి ఇంకో ఖరీదు ఉంది. ముందు చక్రాల మీద అంత తోపు పడితే స్టీరింగ్ టై రాడ్లు లోపలికి వంగే అవకాశం ఉంటుంది. ఇలా బూస్ట్ పెట్టి ఫోర్‌వీల్ లాంచ్ చేసే పికప్‌ల వాళ్లు టై రాడ్‌ల మీద స్టీలు స్లీవ్‌లు తొడుగుతారు. కన్వర్టర్ రాక ముందే వాటిని వేయించాను. చవక పని, అరపూట చాలు.

రోజువారీ వాడకం ఎలా ఉందని అడిగితే, సిగ్నల్ దగ్గర కదిలేటప్పుడు ఆర్‌పీఎమ్ కొంచెం ఎక్కువ పలుకుతోందని, హైవేలో లాకప్ పడ్డాక తేడా తెలియట్లేదని చెప్పాడు. బోటు ట్రైలర్ లాగినప్పుడు, అదీ వేసవిలో, ఆయిల్ వేడి చూసుకోమన్నాను. మెల్లని చడావుల్లో లాకప్ పడని వేగం దగ్గర వదులు కన్వర్టర్ ఎక్కువ వేడి చేస్తుంది. మూడు వేల కిలోల బండికి ఆయిల్ కూలర్ పెద్దది వేయించడం తప్పదు.

ఇప్పుడు ట్రాన్స్‌బ్రేక్ పెట్టిద్దామంటున్నాడు. అంటే గేర్‌బాక్స్ లోపలే రెండు గేర్ల క్లచ్‌లని ఒకేసారి పట్టించి బండిని ఆపడం. అది వస్తే ఈ కేసులో నేను కట్టిన లెక్క మొత్తం మారిపోతుంది. కాలి బ్రేక్ సీలింగ్ అనేదే ఉండదు, నిలబడి ఉండగానే ఇంజిన్ 700 టార్క్ ఇవ్వగలదు, కె 110 దాన్ని నేరుగా 2,910కి తీసుకుపోతుంది. అప్పుడు వేడి 112 కిలోవాట్లు కాదు, సుమారు 290. సెకనుకి 28 డిగ్రీలు. బటన్ వదలగానే ఆ టార్క్ అంతా ఒక్క దెబ్బలో ఇన్‌పుట్ షాఫ్ట్ మీద, ట్రాన్స్‌ఫర్ కేస్ మీద, ముందు యాక్సిల్ మీద పడుతుంది. ఆ మూడూ ఫ్యాక్టరీవే ఇంకా. షాఫ్ట్ మార్చి, క్లచ్ ప్యాక్‌లు కొత్తవి వేసి, ఆ బిల్లు చూపించాక ఆ మాట ఎత్తమన్నాను. అప్పుడు కన్వర్టర్ కూడా మళ్లీ బిగువు వైపు, కె 100 దగ్గరికి తేవాల్సి వస్తుంది. సంక్రాంతికి వస్తున్నాడట, లాప్‌టాప్‌తో సహా. నేను షెడ్డులో కూర్చునే మాట్లాడదామన్నాను.